అమ్మాయి 35 రోజులు రీసెర్చ్ షిప్‌లో వెళ్తానంటోంది, ఆ ఓడల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_నాలుగో_లైను
మా పెద్దమ్మాయి వైజాగ్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతోంది. సముద్రం అడుగున ఉండే మట్టి మీద పరిశోధన. నిన్న రాత్రి ఫోన్ చేసి "నాన్నా, షిప్‌లో చోటు దొరికింది, 35 రోజులు బంగాళాఖాతంలో ఉంటాం" అంది. బస్సులో కిటికీ సీటు దొరికినంత తేలిగ్గా చెప్పింది. అప్పటినుంచి మా ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. మా అమ్మయితే "పిల్లని చేపల పడవ ఎక్కిస్తావట్రా" అని నా మీద పడింది.

నాకు తెలిసిన ఓడలు రెండే రకాలు. వైజాగ్ రేవులో బొగ్గు దింపేవి, నిజాంపట్నంలో చేపలు దింపేవి. రీసెర్చ్ కోసమే కట్టే ఓడ అంటే ఏంటసలు? మామూలు ఓడలో నలుగురు సైంటిస్టుల్ని కూర్చోబెడితే పని జరగదా? ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? డాక్టరు ఉంటాడా? గూగుల్లో చూసి చెప్పేవాళ్లు వద్దు, ఎక్కినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కొత్తపేట_కుర్రాడు
భవానీ ద్వీపం బోటులో పది నిమిషాలకే కళ్లు తిరిగినవాణ్ని. 35 రోజులంటే మీ అమ్మాయికి ముందే ఒక దండం.

లబ్బీపేట_లక్ష్మి
మా అబ్బాయి కార్గో షిప్‌లో మూడేళ్లు చేశాడు. ఎక్కించిన కంపెనీ నాలుగు నెలలు జీతం ఆపేసింది, ఆ కథ వేరే. భయపడకండి అని మాత్రం చెప్పగలను. మొదటి వారం నాకూ నిద్ర లేదు, తర్వాత వాడు ఫోన్ చేసినా "వంట చేస్తున్నా, మళ్లీ చెయ్యి" అనేదాన్ని.

ఇంజిన్‌రూమ్_తాతయ్య
పటమటలో ఉంటాను. సముద్రంలో ఇరవై ఆరేళ్లు, అన్నీ సరుకు ఓడలే. రీసెర్చ్ షిప్‌లో పని చేయలేదు గానీ, ఒకసారి రిపేర్ యార్డులో పక్క బెర్తులోనే ఒకటి ఉంటే రెండు వారాలు లోపలంతా తిరిగి చూశాను. బ్రాడీపేట గారు అడిగిన "మామూలు ఓడలో కూర్చోబెడితే సరిపోదా" అన్నదానికి నాకు తెలిసింది చెబుతా.

సరుకు ఓడలో పెద్ద డీజిల్ ఇంజిన్ నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. ఓడంతా వణుకుతుంది. టేబుల్ మీద టీ గ్లాసు పెట్టి ఇటు తిరిగితే అది తనంతట తనే అంచు దాకా నడుచుకుంటూ పోయేది. ఈ కొత్తకాలం రీసెర్చ్ ఓడల్లో డీజిల్ ఇంజిన్ కరెంటు మాత్రమే తయారుచేస్తుంది, ప్రొపెల్లర్‌ని తిప్పేది మోటారు. ఇంత డొంకతిరుగుడు ఎందుకంటే, ఒకటి, ఇవి ఎద్దుబండికన్నా నెమ్మదిగా కూడా గంటల తరబడి కదలాలి. సరుకు ఓడ ఇంజిన్‌ని అలా నడిపితే మొరాయిస్తుంది. రెండోది, చప్పుడు.

సముద్రం లోపల ఈ ఓడ చూసేదంతా చెవులతోనే. నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. 3000 మీటర్ల లోతుకి "టింగ్" అని పంపితే అడుగుకి తగిలి తిరిగి రావడానికి 4 సెకన్లు పడుతుంది. తిరిగొచ్చేది చిన్న గుసగుస. మన ఇంజిన్ గోలలో అది కలిసిపోతే ఇక వినేదేముంది? అందుకే జనరేటర్లని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు, ప్రొపెల్లర్ రెక్కలు బుడగలు రేపకుండా చెక్కుతారు. బుడగలు పెద్ద శత్రువులు. ముక్కు అలని కొట్టినప్పుడల్లా గాలి బుడగలు ఓడ పొట్ట కిందకి జారిపోతాయి, వాటిలోంచి ధ్వని సరిగ్గా పోదు. కొన్ని ఓడలకి పొట్ట కిందనుంచి ఒక పలకలాంటిది కిందకి దింపుతారు, ఆ పరికరాలు బుడగల పొరకన్నా కింద ఉండాలని.

ఇంకొకటి. లోతు సముద్రంలో లంగరు వేయడానికి అంత గొలుసెక్కడిది? అయినా ఓడ ఒకే చోట నిలబడాలి. ముందూ వెనకా చిన్న ప్రొపెల్లర్లు అడ్డంగా ఉంటాయి, శాటిలైట్ చూపించే స్థానాన్ని బట్టి కంప్యూటర్ వాటిని ఆడిస్తూ గాలీ నీరూ తోసినంత వెనక్కి తోస్తుంది. నేను చూసినప్పుడు ఆ ప్యానెల్ ముందు ఒక కుర్రాడు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మా రోజుల్లో ఆ పనికి నలుగురు చెమటలు కక్కేవాళ్లం.

సీటీడీ_సుబ్బు
తాతయ్య గారూ, మిగతాదంతా ఒప్పుకుంటా గానీ లోపల ప్రశాంతంగా ఉంటుందని ఎవరూ అనుకోకండి. నీళ్లలోకి పోయే చప్పుడు తగ్గిస్తారు, మన చెవిలోకి వచ్చేది కాదు. నా కేబిన్ సరిగ్గా వించ్ (వైరు చుట్టే యంత్రం) కింద. అర్ధరాత్రి రెండింటికి వైరు చుట్టుకుంటుంటే తలలో పిండిమర తిరిగినట్టుండేది.

బ్రాడీపేట గారూ, నేను రెండుసార్లు ఎక్కాను, ఇప్పుడు గుంటూరులో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మీ ప్రశ్నలకి వరసగా. డాక్టరు రెండుసార్లూ ఉన్నారు. ఫోన్ అంటే, శాటిలైట్ నెట్ ఉంటుంది, అందరూ పంచుకోవాలి, వీడియో కాల్ ఆశ పెట్టుకోకండి. వాట్సాప్ మెసేజ్ పోతే పండగ. ఎక్కిన రోజే లైఫ్ జాకెట్ తొడిగించి, సైరన్ మోగితే ఏ పడవ దగ్గర నిలబడాలో చూపిస్తారు. మొదటి మూడు రోజులు వాంతులు ఖాయం. అందులో దాచేదేం లేదు.

తమాషా ఏంటంటే ఓడ నడుస్తున్నప్పటికన్నా నిలబడ్డప్పుడే ఎక్కువ ఊగుతుంది. సైకిల్ ఆపితే పక్కకి ఒరిగినట్టు. మా పనంతా ఆగినప్పుడే మరి. సీటీడీ అని ఒక యంత్రం ఉంటుంది, నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలుస్తుంది. దాని చుట్టూ పొడుగాటి ప్లాస్టిక్ సీసాలు గుండ్రంగా, పెద్దదానికైతే 24, రెండు పక్కలా మూతలు తెరిచి ఉంటాయి. సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున వైరు వదులుతారు. 3000 మీటర్లంటే వెళ్లి రావడానికి రెండు గంటలు తేలిగ్గా పడుతుంది. పైకి వచ్చేటప్పుడు కావలసిన లోతుల్లో ఇక్కడ కంప్యూటర్‌లో నొక్కితే అక్కడ ఒక్కో సీసా మూత పడుతుంది.

డెక్ మీదకి వచ్చాక సీసా బయటంతా చెమట పట్టి ఉంటుంది. పైన ఎండ మాడిపోతుంటే, అడుగు సీసా కుళాయి తిప్పితే ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లటి నీళ్లు చేతి మీద పడతాయి. ముందు ఆక్సిజన్ కొలవడానికి నీళ్లు పట్టాలి, ఒక్క గాలి బుడగ దూరినా ఆ శాంపిల్ పోయినట్టే. నా మొదటి శాంపిల్ అలాగే పోయింది. మా సార్ ఏమీ అనలేదు, ఒక చూపు చూశారు అంతే. అదే ఎక్కువ.

కొత్తపేట_కుర్రాడు
సుబ్బు గారూ, ఓడ ఆగినప్పుడు చేపలు పట్టలేదా? నిజం చెప్పండి.

సీటీడీ_సుబ్బు
రాత్రిపూట దీపాలకి స్క్విడ్‌లు వస్తాయి, సిబ్బంది గాలం వేసేవాళ్లు. నేను చూశాను. తినలేదని అనను.

తెనాలి_లెక్కల_మాస్టారు
అందరూ మురిసిపోతున్నారు గానీ ఒక్కమాట. 2024 జులైలో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డ్‌కి కొత్త పరిశోధన నౌక కాంట్రాక్టు ఇచ్చారు, దాదాపు 840 కోట్లు. ఒక్క ఓడకి. పైన మనవే ఇన్ని శాటిలైట్లు తిరుగుతుంటే మళ్లీ తాళ్లకి సీసాలు కట్టి నీళ్లు తోడటం ఏంటి? మా వీధి డ్రైనేజీకి మూడేళ్లుగా నిధుల్లేవంటున్నారు.

లబ్బీపేట_లక్ష్మి
మాస్టారూ, ఏ టాపిక్ అయినా మీ వీధి డ్రైనేజీలోనే కలుస్తుంది.

దివిసీమ_వాడు
మాస్టారు గారికి కోపం లేకుండానే జవాబు చెబుతాను. మాది అవనిగడ్డ పక్క. 1977 నవంబర్ 19 ఉప్పెనకి మా నాన్నకి పదకొండేళ్లు. తాటిచెట్టుకి పంచెతో కట్టేసుకుని తెల్లారేదాకా ఉన్నారు, కింద చూస్తే నీళ్లే. ఊళ్లకి ఊళ్లు పోయాయి, పదివేలమందికి పైగా. ఆయన ఇప్పటికీ నవంబర్ వస్తే రేడియో ఆపరు.

శాటిలైట్ చూసేది సముద్రం చర్మం. పైన వేడి ఎంతో చెప్తుంది. తుపానుకి బలం ఇచ్చేది ఆ వేడి ఎంత లోతు దాకా ఉందన్నది. పైన పలచటి వేడి పొర మాత్రమే ఉంటే తుపాను దాన్ని చిలికి కిందనుంచి చల్లనీళ్లు పైకి లాక్కుని తనే నీరసపడుతుంది. లోతుగా ఉంటే బలిసిపోతుంది. బంగాళాఖాతంలో ఇంకో మెలిక ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మన గోదావరి, కృష్ణ పోసే మంచినీళ్లు తేలిగ్గా ఉండి పైన మీగడలా పరుచుకుంటాయి, కిందా పైనా సులువుగా కలవనివ్వవు. ఆ మీగడ మందం ఎంతో పై నుంచి చూస్తే ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు వెళ్లి దింపి చూడాలి. 1999లో బాబ్‌మెక్స్ అని రుతుపవనాల మీద ప్రయోగం జరిగింది, సాగర్ కన్య అనే మన రీసెర్చ్ ఓడ, నెలల్లో ఘోరమైన జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో నిలబడి కొలిచింది.

తెనాలి_లెక్కల_మాస్టారు
నాన్నగారి సంగతి చదివాను. నేను తుపానుల గురించి అనలేదు. తేలే యంత్రాలు వచ్చాయి కదా, ఆర్గో అంటారు, వాటంతటవే మునిగి తేలి లెక్కలు పంపుతాయి. మనిషి వెళ్లాల్సిన పనేంటి అన్నది నా పాయింటు.

సీటీడీ_సుబ్బు
మాస్టారి పాయింటులో పస ఉంది. ఆర్గోలు ప్రపంచమంతటా నాలుగువేల దాకా తిరుగుతున్నాయి, పదిరోజులకోసారి 2000 మీటర్ల లోతునుంచి పైకొచ్చి కబురు పంపుతాయి. ఓడకన్నా చవక. కానీ వాటిని సముద్రంలో వదిలేది చాలావరకు ఓడలే. అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూసుకునేది సీసాలో పట్టిన నీళ్లతోనే. బ్రాడీపేట గారి అమ్మాయికి కావలసిన మట్టిని మాత్రం ఏ ఆర్గో తేదు.

ఆ మట్టి ఎలా తెస్తారో చెబుతా, అమ్మాయి చేసే పని అదే కాబట్టి. బరువు కట్టిన ఇనప పైపు, లోపల ప్లాస్టిక్ గొట్టం. ఓడ వెనక తలుపు చట్రంలాంటిది ఉంటుంది, ఏ-ఫ్రేమ్ అంటారు, దాని మీదనుంచి వైరుతో దింపి అడుగున గుచ్చుతారు. పైకి లాగేటప్పుడు డెక్ మీద మాటలుండవు. ఒక్కోసారి ఖాళీగా వస్తుంది, ఒక్కోసారి పైపు వంగి వస్తుంది. బాగా పడితే గొట్టం నిండా బూడిద పచ్చ రంగు బంక, మన పొలం ఒండ్రుకి అన్నలాంటిది. కొన్నింటికి కుళ్లిన గుడ్డు వాసన. గొట్టాన్ని నిలువునా రెండు చేసి ఒక సగం దాచిపెడతారు, రెండో సగాన్ని పరీక్షలకి పంపుతారు. ఐదు మీటర్ల మట్టిలో కొన్ని వేల ఏళ్ల వానలూ కరువులూ ఉంటాయి. ఆ మట్టిలో కొంత మన ప్రకాశం బ్యారేజీ దగ్గర్నుంచి పోయిందే.

నిజాంపట్నం_వల
జిల్లాలు విడదీశాక మేం బాపట్లలోకి వచ్చాం, మీ గుంటూరుకి ఇప్పుడు సముద్రమే లేదు. అయినా ఓడల గురించి మీరే మాట్లాడుతున్నారు, బాగుంది.

కొత్తపేట_కుర్రాడు
విజయవాడకీ లేదు. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్న హైదరాబాద్‌కీ లేదు. సముద్రం లేనివాళ్లకే దాని బాధ్యత.

నిజాంపట్నం_వల
ఆ హైదరాబాద్ వాళ్లు పంపే మెసేజ్ చూసే మావాళ్లు చేపలున్న చోటుకి పోతారు, డీజిల్ మిగులుతుంది. కానీ ఒక ఫిర్యాదు. సముద్రంలో తేలే బోయాలకి వాళ్లు పెట్టిన పరికరాలు పాడైతే మత్స్యకారులే విరగ్గొట్టారంటారు. మనిషన్నాక కొందరు చేస్తారు, కాదనను. అసలు సంగతి, బోయా నీడకి చేపలు చేరతాయి. చేపలున్న చోట వల వేయొద్దంటే ఎలా? మమ్మల్ని ఒక్కసారి ఆ ఓడ ఎక్కించి ఇది దేనికో చూపిస్తే సగం గొడవ పోతుంది.

ఇంజిన్‌రూమ్_తాతయ్య
వల గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

పాత_పేపర్ల_కొట్టు
గవర్నర్‌పేటలో పాత పుస్తకాలు అమ్ముతా, చదివినవే చెబుతా. బ్రాడీపేట గారు "మామూలు ఓడలో కూర్చోబెడితే" అన్నారే, మనదేశంలో మొదట జరిగింది అదే. 1959 నుంచి 65 దాకా హిందూ మహాసముద్రం మీద పెద్ద అంతర్జాతీయ యాత్ర, నలభై దాకా ఓడలు. మన తరఫున ముఖ్యంగా తిరిగింది ఐఎన్‌ఎస్ కిస్ట్నా. అవును, మన కృష్ణే, ఇంగ్లిషువాళ్ల నోట్లో అలా అయింది. 1943లో స్కాట్లాండ్‌లో నీటికి దింపిన యుద్ధ నౌక, సైంటిస్టుల కోసం దాన్నే సర్దుకున్నారు. ఆ యాత్ర ఊపుతోనే 1966 జనవరి 1న గోవా సముద్ర పరిశోధన సంస్థ పుట్టింది. ఆ యాత్రకి అమెరికా పంపిన ఆంటన్ బ్రూన్ అంతకుముందు వాళ్ల అధ్యక్షుడు ట్రూమన్ విహార నౌక. మనది యుద్ధం నుంచి వచ్చింది, వాళ్లది విందు నుంచి.

తర్వాత 1976లో గవేషణి. అదీ పుట్టుకతో రీసెర్చ్ షిప్ కాదు, బురద మోసే బార్జిని మార్చి చేశారు. కృష్ణలో ఇసక మోసేవాటికి చుట్టమనుకోండి. కానీ 1981 జనవరి 26న హిందూ మహాసముద్రం అడుగునుంచి మాంగనీసు, నికెల్, రాగి ఉన్న ఉండలు మొదటిసారి పైకి తెచ్చింది ఆ బార్జే. అక్కడినుంచి కథ మారింది. 1983లో జర్మనీలో కట్టిన సాగర్ కన్య, 84లో డెన్మార్క్‌లో కట్టిన సాగర్ సంపద, తర్వాత ఇటలీనుంచి సాగర్ నిధి. ఇవి మొదటినుంచీ ఈ పనికే కట్టినవి.

కొత్తపేట_కుర్రాడు
కన్య, సంపద, నిధి... పెళ్లి సంబంధాల పేజీలా ఉంది. కోల్‌కతాలో కట్టేదానికి "సాగర్ మిర్చి" అని పెట్టాలని గుంటూరు తరఫున నా విన్నపం.

లబ్బీపేట_లక్ష్మి
బ్రిటన్‌లో 2016లో జనాన్ని పేరు అడిగితే బోటీ మెక్‌బోట్‌ఫేస్ అని గెలిపించారు. వాళ్లు తల పట్టుకుని ఆ పేరు లోపల ఉండే చిన్న జలాంతర యంత్రానికి పెట్టి ఓడకి వేరే పేరు పెట్టారు. మిమ్మల్ని అడిగితే అంతే.

పాత_పేపర్ల_కొట్టు
నవ్వుల మధ్యలో ఒకటి. ఒక్క పని కోసమే ఓడ కట్టడం ఎంత దాకా పోయిందంటే, 1909లో అమెరికాలో కార్నెగీ అని కట్టారు, భూమి అయస్కాంత శక్తి కొలవడానికి. ఇనుము ఉంటే లెక్క చెడుతుందని ఓడంతా చెక్క, రాగి, కంచు. లంగరు కంచుది, గొలుసు బదులు నార తాళ్లు. ఇరవై ఏళ్లు సముద్రాలన్నీ తిరిగి, 1929 నవంబర్‌లో సమోవా దీవుల్లో రేవులో పెట్రోలు నింపుతుండగా పేలిపోయింది, కెప్టెన్ చనిపోయాడు.

బ్రాడీపేట_నాలుగో_లైను
అయ్యా పేపర్ల కొట్టు గారూ, ఈ చివరిది మా ఆవిడకి చదివి వినిపించబోయి ఆగిపోయాను.

పాత_పేపర్ల_కొట్టు
తప్పయింది. దానికి బదులు ఫ్లిప్ అనే ఓడ సంగతి వినిపించండి. 1962లో అమెరికాలో చేశారు, 108 మీటర్ల పొడుగు. వెనక ట్యాంకుల్లో నీళ్లు నింపితే మొత్తం నిలువుగా లేచి నిలబడేది, కలం నిలబెట్టినట్టు. గోడ నేల అయిపోయేది. అందుకే బాత్రూమ్‌లో రెండు సింకులు, ఒకటి పడుకున్నప్పటికి, ఒకటి లేచినప్పటికి.

కొత్తపేట_కుర్రాడు
మా హాస్టల్‌లో ఒక్క సింకూ సరిగ్గా ఉండదు.

ఇంజిన్‌రూమ్_తాతయ్య
మన ఎదురుగా జరిగింది ఎవరూ చెప్పలేదు. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌కి వచ్చింది. 1978లో చమురు కోసం కట్టిన ఓడ, తర్వాత సైన్స్‌కి మారింది. నడి మధ్యలో 60 మీటర్ల పైచిలుకు టవర్, దాని కింద ఓడ అడుగుకే కన్నం, అందులోంచి పైపులు దింపేవాళ్లు. కిలోమీటరు లోతు నీళ్ల కింద బంకమట్టి పగుళ్లలో మండే మంచు దొరికింది. చూస్తే మంచుగడ్డే, అగ్గిపుల్ల చూపిస్తే మీథేన్ కాబట్టి మండుతుంది. ఒకచోట ఆ పొర దాదాపు 130 మీటర్ల మందం. 2015లో జపాన్ ఓడ చిక్యూ మళ్లీ వచ్చి తవ్వి చూసింది.

తెనాలి_లెక్కల_మాస్టారు
దాంతో గ్యాస్ బండ ధర తగ్గిందా?

ఇంజిన్‌రూమ్_తాతయ్య
తగ్గలేదు మాస్టారూ. బయటికి తీసి వాడుకునే దారి ఇంకా తేలలేదు.

తెనాలి_లెక్కల_మాస్టారు
చూశారా. అయినా దివిసీమ గారు చెప్పిన మీగడ పొర సంగతి మా పిల్లలకి పాఠంలో చెబుతాను. 840 కోట్ల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు, మొదటి పది క్రూజుల (పరిశోధన యాత్రల) లెక్కలు జనానికి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తా.

బ్రాడీపేట_నాలుగో_లైను
అందరికీ థాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం రాత్రి మా ఆవిడకి చదివాను, కార్నెగీ తీసేసి. డాక్టరు ఉంటాడన్న దగ్గర కాస్త తేరుకుంది. మా అమ్మ మాత్రం "ఆడపిల్లలు ఇంకెవరైనా ఉంటారా" అని ఒకటే అడుగుతోంది.

సీటీడీ_సుబ్బు
మా రెండో క్రూజులో సగం మంది అమ్మాయిలే, వేరే కేబిన్లు. అమ్మమ్మ గారికి... క్షమించండి, నాయనమ్మ గారికి ఇంకోటి చెప్పండి, 1983లో అంటార్కిటికా యాత్రకే ఇద్దరు మహిళలు వెళ్లొచ్చారు, సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్. అందులో అదితి పంత్ సముద్ర శాస్త్రవేత్తే.

లగేజి సంగతి. ఆవకాయ గాజు సీసాలో పెట్టొద్దు, ఊగుడుకి మూత ఊడి నా బట్టలన్నీ ఎర్రబడ్డాయి, చివరిదాకా అవే కట్టుకున్నా. వాంతి మాత్రలు ఓడ ఎక్కకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే అవీ బయటికే. ఇంకా కొన్ని థర్మోకోల్ కప్పులు.

బ్రాడీపేట_నాలుగో_లైను
కప్పులెందుకు? అక్కడ టీ ఇవ్వరా?

సీటీడీ_సుబ్బు
తాగడానికి కాదు. కప్పు మీద మార్కర్‌తో ఏదైనా రాసి, వల సంచిలో వేసి సీటీడీ చట్రానికి కడతారు. 3000 మీటర్ల కింద మన గాలి ఒత్తిడికి 300 రెట్లు. థర్మోకోల్‌లో ఉన్న గాలంతా పిండేసి కప్పు మీ చిటికెనవేలంత అయి వస్తుంది, రాసిన అక్షరాలతో సహా, ముద్దగా. నాది ఇప్పటికీ మా ఇంట్లో షోకేసులో ఉంది. వచ్చిన ప్రతి చుట్టమూ "మందు కొలిచే మూతా ఇది" అని అడుగుతారు.

బ్రాడీపేట_నాలుగో_లైను
ఇది చెప్పగానే మా అమ్మ లేచి కూర్చుంది. తన పేరు తనే రాస్తానంటోంది, తెలుగులో. పొద్దున్నే కిరాణా కొట్టుకి పంపింది. కాగితం కప్పులు తెచ్చాను, అవి పనికొస్తాయా?

సీటీడీ_సుబ్బు
కాగితం పనికిరాదు, తడిసిపోతుంది. తెల్ల థర్మోకోలే కావాలి. పర్మనెంట్ మార్కర్‌తో రాయండి, అక్షరాలు పెద్దవిగా. లోపల టిష్యూ కాగితం కుక్కమనండి, లేకపోతే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని వస్తాయి.

కొత్తపేట_కుర్రాడు
నాదీ ఒక కప్పు పంపొచ్చా? "సాగర్ మిర్చి" అని రాసిస్తా.